రోడ్డు దాటే హేరైడ్‌లు: అమెరికా పొలాల వినోదం, దాని చట్టాలు

ట్రాక్టరో గుర్రాలో లాగే బండిలో ఎండుగడ్డి మోపుల మీద కూర్చుని పొలమంతా తిరిగి రావడమే హేరైడ్. అమెరికా, కెనడాల్లో సెప్టెంబరు చివరి వారం నుంచి హాలోవీన్ దాకా, గుమ్మడికాయలు కోతకొచ్చే రోజుల్లో ఇది ఊరూరా కనిపించే వినోదం. బండి పొలంలోనే తిరిగినంతసేపూ అది చాలావరకు రైతు సొంత వ్యవహారం. గుమ్మడితోట రోడ్డుకు అవతలి పక్కన ఉండి, ముప్ఫై మందిని ఎక్కించుకున్న బండి ఆ రోడ్డు దాటాల్సి వస్తే సంగతి మారుతుంది. అప్పుడు ట్రాఫిక్ చట్టం, వ్యవసాయ వాహనాల మినహాయింపులు, వినోద సవారీల నిబంధనలు మూడూ ఆ ఒక్క బండి మీదికే వస్తాయి. ఆ మూడింటినీ రాసినవాళ్లు హేరైడ్‌ను దృష్టిలో పెట్టుకున్న సందర్భాలు తక్కువే.

హేరైడ్‌లన్నిటికీ వర్తించే ఫెడరల్ చట్టం అమెరికాలో లేదు. రాష్ట్రాలు, కౌంటీలు, ఊళ్లు ఎవరి పద్ధతి వాళ్లు పాటిస్తున్నాయి.

పంట పని నుంచి టిక్కెట్టు సవారీకి

కోసి ఎండబెట్టిన గడ్డిని కొట్టానికి చేర్చే బండి మీదికి పిల్లలు ఎగబాకడం వ్యవసాయమంత పాత అలవాటు. ఇరవయ్యో శతాబ్దంలో గుర్రాల స్థానంలోకి ట్రాక్టర్లు వచ్చాయి. గడ్డిని యంత్రాలు పెట్టెల్లాంటి మోపులుగా కట్టసాగాయి. ఆ మోపులే బండిలో బెంచీలయ్యాయి. చర్చి పిల్లల బృందాలు, బడి పిల్లలు, ఊరి యువజన సంఘాలు శరత్కాలపు సాయంత్రాల్లో ఇలా తిరిగి వచ్చేవాళ్లు. పంట ధరల మీద మాత్రమే ఆధారపడి నెగ్గుకు రాలేని చిన్న రైతులు తర్వాత దీన్నే ఆదాయమార్గంగా మలుచుకున్నారు. ఆపిల్ కోత, గుమ్మడికాయల ఏరివేత, మొక్కజొన్న చేలో చిక్కుదారులు, వాటితో పాటు హేరైడ్. రాత్రి పూట దయ్యాల వేషాలతో భయపెట్టే హేరైడ్ ఇంకో రకం. పెన్సిల్వేనియాలోని గ్లెన్ మిల్స్‌లో అరసాఫా ఫామ్ నడిపేది అలాంటిదే.

ఐదేళ్లకోసారి అమెరికా వ్యవసాయ శాఖ జరిపే గణనలో ఈ మార్పు అంకెల్లో కనిపిస్తుంది. వ్యవసాయ పర్యాటకం వల్ల పొలాలకు వచ్చిన ఆదాయం 2012లో సుమారు 70 కోట్ల డాలర్లు. 2017లో అది దాదాపు 95 కోట్లు. 2022కి 126 కోట్లకు చేరింది. ఆ ఆదాయమంతా హేరైడ్‌లది కాకపోయినా, సందర్శకుల్ని తోట లోపలికి తీసుకెళ్లే వాహనం చాలా చోట్ల ఆ బండే.

పొలం మధ్యలోకి రోడ్డు ఎలా వచ్చింది

1785 నాటి భూమి సర్వే ఆర్డినెన్స్ ప్రకారం అమెరికా పడమటి భూముల్ని మైలు పొడవు, మైలు వెడల్పు గల 640 ఎకరాల చదరాలుగా కొలిచారు. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో గ్రామీణ రోడ్లు చాలావరకు ఆ చదరాల సరిహద్దుల వెంటే పడ్డాయి. రెండు చదరాల్లో భూమి ఉన్న రైతుకు మధ్యలో రోడ్డు తప్పదు. న్యూజెర్సీ, న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ ప్రాంతాల్లో కథ వేరు. అక్కడ పొలాల మధ్య ఉన్న పాత బండిదారులే తర్వాత తారురోడ్లయ్యాయి. చుట్టూ ఇళ్లు లేచాయి. ఒకప్పుడు గంటకో బండి పోయే దారిలో ఇప్పుడు ఉద్యోగాలకు పోయే కార్లు బారులు తీరుతున్నాయి.

పార్కింగ్ కూడా ఒక కారణమే. అక్టోబరు శని, ఆదివారాల్లో వందల కార్లు వస్తాయి. వాటిని నిలపడానికి గట్టినేల ఇంటి పక్కన ఉంటుంది, గుమ్మడికాయలేమో అవతలి మడిలో ఉంటాయి. జనాన్ని అటు చేర్చే పని ట్రాక్టరు మీద పడుతుంది.

దాటడానికి పట్టే పన్నెండు సెకన్లు

ఒక ట్రాక్టరు, దాని వెనక రెండు వ్యాగన్లు కలిస్తే పొడవు సుమారు 20 మీటర్లు అనుకుందాం. రెండు వరుసల రోడ్డు వెడల్పు 7 మీటర్లు. చివరి వ్యాగన్ వెనక చక్రం అవతలి అంచు దాటేసరికి ట్రాక్టరు ముందుభాగం మొత్తం 27 మీటర్లు నడవాలి. జనంతో నిండిన బండిని గంటకు 8 కిలోమీటర్ల వేగంతో నడిపితే ఇందుకు పన్నెండు సెకన్లు పడుతుంది. ఆగిన చోటి నుంచి కదలడానికి పట్టే సమయం దీనికి అదనం. గ్రామీణ హైవేల మీద వేగ పరిమితి చాలా చోట్ల గంటకు 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే కారు పన్నెండు సెకన్లలో దాదాపు 300 మీటర్లు వచ్చేస్తుంది. ట్రాక్టరు డ్రైవరుకు రెండు వైపులా కనీసం అంత దూరం రోడ్డు కనబడాలి. మలుపో, మిట్టో, రోడ్డంచున ఏపుగా పెరిగిన మొక్కజొన్నో అడ్డొస్తే ఆ దూరం కనబడదు.

రాష్ట్రాల రహదారి, రవాణా అధికారుల సంఘం ఆష్‌టో ప్రచురించే, అమెరికా రోడ్ల రూపకల్పనకు ప్రామాణికమైన గ్రంథాన్ని ఇంజినీర్లు గ్రీన్ బుక్ అంటారు. పక్కదారి నుంచి పెద్ద రోడ్డు దాటే వాహనానికి ట్రాఫిక్‌లో ఎంత ఖాళీ కావాలో అందులో లెక్క ఉంది: కారుకు 6.5 సెకన్లు, చిన్న ట్రక్కుకు 8.5, ట్రెయిలర్ తగిలించిన పెద్ద లారీకి 10.5. రెండు వ్యాగన్ల హేరైడ్‌కు పెద్ద లారీ కంటే ఎక్కువ సమయం పడుతోందన్న మాట. పొలం గేటు దగ్గర రోడ్డు ఎంతదూరం కనిపిస్తుందో కొలిచి చూసుకోమని కౌంటీ ఇంజినీర్లు రైతులకు చెప్పేది ఇందుకే.

రోడ్డు వెంబడి కొంతదూరం పోవాల్సి వస్తే ప్రమాదం వెనక నుంచి వస్తుంది. గంటకు 15 మైళ్లతో పోతున్న ట్రాక్టరును 55 మైళ్లతో వస్తున్న కారు 120 మీటర్ల దూరంలో చూసిందంటే, బ్రేకు వేయని పక్షంలో ఏడు సెకన్ల లోపే దాన్ని చేరుకుంటుంది.

వ్యవసాయ పరికరమా, ప్రయాణ వాహనమా

దున్నడానికి, పంట మోయడానికి వాడే వాహనాలను అమెరికా రాష్ట్రాల చట్టాలు వ్యవసాయ పరికరాల తరగతిలో చేర్చాయి. వాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చాలా చోట్ల నడిపేవారికి లైసెన్సూ అక్కర్లేదు. సీటు బెల్టుల ప్రసక్తే లేదు. కోతల కాలంలో రైతు పని ఆగకూడదనే ఈ సడలింపులన్నీ ఇచ్చారు. ఇదే ట్రాక్టరు టిక్కెట్టు కొన్న జనాన్ని మోస్తే ఆ సడలింపులు నిలుస్తాయా అన్నదే అసలు వివాదం. డ్రైవరుతో కలిపి 16 మంది, అంతకు మించి పట్టే బస్సు నడపాలంటే ఫెడరల్ నిబంధనల ప్రకారం ప్రత్యేక వాణిజ్య లైసెన్సు, దానిపై ప్రయాణికులను తీసుకెళ్లే అనుమతి ఉండాలి. అంతకు రెట్టింపు మందిని ఎక్కించుకున్న గడ్డిబండిని లాగే ట్రాక్టరు చాలా చోట్ల ఆ నిర్వచనంలోకి రాదు.

వ్యవసాయ వాహనాలకు తప్పనిసరి అయిన గుర్తు నారింజరంగు త్రికోణం. గంటకు 25 మైళ్లకు మించని వాహనం వెనక దీన్ని తగిలిస్తారు. 1960ల తొలి సంవత్సరాల్లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కెన్ హార్క్‌నెస్ బృందం దీన్ని రూపొందించింది. మధ్యలోని నారింజరంగు పగటివెలుగులో మెరుస్తుంది. చుట్టూ ఉన్న ముదురు ఎరుపు అంచు రాత్రి పూట హెడ్‌లైట్లు పడగానే తళుక్కుమంటుంది. ఒకే పలక పగలూ రాత్రీ పనిచేయడం ఈ రూపకల్పనలోని నేర్పు.

అయితే ఆ త్రికోణం ఉండేది బండి వెనక. రోడ్డుకు అడ్డంగా దాటుతున్న బండి ఎదురొచ్చే డ్రైవరుకు చూపించేది పక్కభాగాన్ని. అక్కడ త్రికోణం కనబడదు. అందుకే వ్యాగన్ పక్కల మీద పసుపురంగు రిఫ్లెక్టర్లు కీలకం అవుతాయి. వ్యవసాయ యంత్రాలకు దీపాలు, గుర్తులు తప్పనిసరి చేస్తూ అమెరికా కాంగ్రెస్ 2012లో చట్టం చేసింది. జాతీయ రహదారి భద్రతా సంస్థ నిబంధనలు 2016లో వెలువడి 2017 జూన్ నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ అవి కొత్తగా తయారయ్యే యంత్రాలకే. పాత ఛాసిస్ మీద పలకలు బిగించి రైతు సొంతంగా చేసుకున్న వ్యాగన్‌కు అవి అంటవు. ఇక అక్టోబరు చివర న్యూజెర్సీలో సాయంత్రం ఆరు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది. హేరైడ్‌లకు గిరాకీ ఉండేదీ ఆ వేళలోనే.

టెక్సాస్ చట్టంలో ఒక వాక్యం

హేరైడ్‌ను పేరు పెట్టి ప్రస్తావించిన చట్టాల్లో టెక్సాస్ రవాణా స్మృతిలోని 545.414 సెక్షన్ ఒకటి. వెనకభాగం తెరిచి ఉన్న పికప్‌లో గానీ, ఫ్లాట్‌బెడ్ ట్రక్కులో గానీ, వెనక లాగే ఫ్లాట్‌బెడ్ ట్రెయిలర్‌లో గానీ 18 ఏళ్ల లోపు పిల్లల్ని కూర్చోబెట్టి నడపడం అక్కడ నేరం. జరిమానా 25 నుంచి 200 డాలర్లు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి: ఊరేగింపు, అత్యవసర పరిస్థితి, పొలం నుంచి పొలానికి కూలీలను చేర్చడం వంటివి. వాటిలో హేరైడ్ కూడా ఉంది. కాకపోతే ఒక షరతు పెట్టారు. బండి ఏయే కౌంటీల్లో, ఊళ్లలో తిరుగుతుందో ఆ ప్రతి చోటా పాలకమండలి గానీ పోలీసు విభాగం గానీ ముందుగా అనుమతి ఇచ్చి ఉండాలి.

చట్టం దీన్ని డ్రైవరు తన రక్షణకు చూపుకోగల వాదనగా పెట్టింది. కాబట్టి పోలీసులు కేసు రాస్తే, అనుమతి ఉందని ముందుగా ఆధారం చూపాల్సింది డ్రైవరే. అనుమతి కోసం వెళ్లినప్పుడు బండి ఏ దారిన పోతుంది, ఏ వేళ, ఎంతమందితో అన్న ప్రశ్నలు అడిగే అవకాశం అధికారికి దొరుకుతుంది. ఒక్క వాక్యంతో అంత పని జరగడం ఈ పద్ధతి బలం. అనుమతికి ఏ ప్రమాణాలు పాటించాలో అదే వాక్యం చెప్పకపోవడం దాని లోపం. ఒక కౌంటీ, షెరీఫ్ వాహనం తోడుగా రావాలంటే, పక్క కౌంటీ ఒక ఉత్తరంతో సరిపెట్టవచ్చు.

పెన్సిల్వేనియా వేగాన్ని పట్టుకుంది. వెనకభాగం తెరిచి ఉన్న పికప్‌లో గానీ ఫ్లాట్‌బెడ్ ట్రక్కులో గానీ మనుషులు కూర్చుంటే గంటకు 35 మైళ్లు దాటకూడదని అక్కడి వాహన స్మృతి చెబుతుంది. న్యూజెర్సీలో దారి మరోలా ఉంది. 1983 నాటి రైట్ టు ఫామ్ చట్టం పొరుగువారి ఫిర్యాదుల నుంచీ ఊరి జోనింగ్ ఆంక్షల నుంచీ రైతుకు రక్షణ ఇస్తుంది. పొలం దగ్గరే జరిపే అమ్మకాలకూ, వాటికి తోడయ్యే హేరైడ్ వంటి ఆకర్షణలకూ ఆ రక్షణ ఎంతవరకు వర్తిస్తుందో 2014లో వచ్చిన నియమావళి వివరించింది. కార్లు వచ్చిపోయే దారి, పార్కింగ్ సురక్షితంగా ఉండాలన్నది అందులో షరతు.

బ్రేకు, పిన్ను, గొలుసు

2014 అక్టోబరు 11 రాత్రి మెయిన్ రాష్ట్రంలోని మెకానిక్ ఫాల్స్‌లో ఒక దయ్యాల హేరైడ్ దిగువకు వెళ్తుండగా అదుపు తప్పింది. బండిని లాగుతున్నది 1979 నాటి జీపు. దాని బ్రేకులు విఫలమయ్యాయి. వ్యాగన్ చెట్టును ఢీకొంది. 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. పొలాన్ని నడిపే సంస్థపై క్రిమినల్ కేసు నమోదైంది. జాతరల్లోని యంత్రాల సవారీలకు ఆ రాష్ట్రంలో అగ్నిమాపక అధికారి తనిఖీ ఉండేది గానీ, హేరైడ్‌లకు అలాంటి తనిఖీ లేదు. ఆ ప్రమాదం పొలంలోనే జరిగింది. రోడ్డు దాటే బండికీ అదే ఇనుము, అవే బ్రేకులు.

బండిని పరీక్షించేవారు మొదట చూసేది డ్రాబార్ దగ్గర. ట్రాక్టరునూ వ్యాగన్‌నూ కలిపే పిన్ను ఒకటే. ఎగుడుదిగుడు నేల మీద అది పైకి లేచి జారిపోకుండా కింద క్లిప్పు ఉండాలి. పిన్ను విరిగినా బండి విడిపోకుండా పక్కన సేఫ్టీ గొలుసు బిగించాలి. బ్రేకులు లేని బరువును లాగేటప్పుడు గంటకు 20 మైళ్లు మించవద్దనీ, ఆ బరువు ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదనీ తయారీదారుల మాన్యువల్స్ సలహా. గడ్డి మోయడానికి సరిపోయిన చిన్న ట్రాక్టరు, రెండు వ్యాగన్ల నిండా జనంతో వాలులో దిగేటప్పుడు సరిపోకపోవచ్చు. కూర్చునే చోట నాలుగు వైపులా కడ్డీలు, ఎక్కడానికి మెట్లు, బండిలో పెద్దవారొకరు, ట్రాక్టరు మీద డ్రైవరు తప్ప ఇంకెవ్వరూ లేకపోవడం: బీమా కంపెనీలు తరచూ అడిగేవి ఇవి. మామూలు వ్యవసాయ బీమా పాలసీ టిక్కెట్టు సవారీలకు చాలాసార్లు వర్తించదు. దానికి విడిగా కవరేజీ తీసుకోవాలి. రోడ్డు దాటడం ఉందంటే ప్రీమియం పెరుగుతుంది, లేదా కంపెనీ ఒప్పుకోదు.

రాష్ట్రాలు మరో వైపు రైతుకు అండగా కూడా చట్టాలు చేశాయి. కాన్సాస్ 2004లో, వర్జీనియా 2006లో, విస్కాన్సిన్ 2014లో, ఒహాయో 2016లో, న్యూయార్క్ 2017లో వ్యవసాయ పర్యాటక బాధ్యతపై చట్టాలు తెచ్చాయి. నిర్ణీత మాటలతో హెచ్చరిక బోర్డు పెడితే, పొలంలో సహజంగా ఉండే ప్రమాదాలకు రైతు బాధ్యుడు కాడన్నది వాటి సారాంశం. గుంతలో కాలు మడతపడటం సహజ ప్రమాదం కిందికి వస్తుంది. అరిగిన బ్రేకులతో బండి నడపడం, వచ్చే కారును చూసుకోకుండా రోడ్డెక్కడం ఆ కిందికి వస్తాయని వాదించడం కష్టం.

జెండా ఎవరి చేతిలో ఉండాలి

రైతులకు మొదట తట్టే పరిష్కారం, కొడుకునో పనివాణ్నో రోడ్డు మీద నిలబెట్టి కార్లను ఆపించడం. నారింజరంగు చొక్కా తొడుక్కున్న కుర్రాడికి హైవే మీద కార్లను ఆపే అధికారం సాధారణంగా ఉండదు. ఆ పని పోలీసులది, లేదా రోడ్డు విభాగం అనుమతితో నిలబడే శిక్షణ పొందిన ఫ్లాగర్‌ది. ఆపు, నెమ్మది అని రాసిన పలక కనీసం 18 అంగుళాల వెడల్పు ఉండాలనీ, రాత్రి పూట ఫ్లాగర్ నిలబడే చోట వెలుతురు ఉండాలనీ ట్రాఫిక్ గుర్తుల జాతీయ నియమావళి చెబుతుంది. రద్దీ శనివారాల్లో కొన్ని పొలాలు షెరీఫ్ కార్యాలయానికి రుసుము కట్టి డెప్యూటీని పిలిపించుకుంటాయి. మిగిలిన రోజుల్లో రోడ్డు పక్కన ట్రాక్టరు బొమ్మ ఉన్న పసుపు హెచ్చరిక బోర్డే దిక్కు.

ఎవరూ ఆపకపోతే చట్టం స్పష్టమే. సొంత దారి నుంచి రోడ్డెక్కే వాహనమే ఆగాలి, రోడ్డు మీది వాహనానిదే మొదటి హక్కు. బండిలో పిల్లలున్నంత మాత్రాన ఆ వరస మారదు.

మనుషులున్న బండి రోడ్డెక్కితే ఏం జరగగలదో గత ప్రమాదాలు చెబుతాయి. 2018 అక్టోబరు 31 రాత్రి మిసిసిపీలోని చంకీ దగ్గర హాలోవీన్ హేరైడ్ ట్రెయిలర్‌ను ఒక పికప్ ఢీకొని ముగ్గురు చనిపోయారు. 2012 నవంబరు 15న టెక్సాస్‌లోని మిడ్‌లాండ్‌లో గాయపడిన మాజీ సైనికులను ఊరేగిస్తున్న ట్రెయిలర్ రైలు పట్టాలు దాటుతుండగా యూనియన్ పసిఫిక్ రైలు గుద్దింది. నలుగురు మరణించారు. అది హేరైడ్ కాకపోయినా, తెరిచిన ట్రెయిలర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి దాటించడమన్న సమస్య ఒకటే. జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసి, ఊరేగింపు దారిలోని ముప్పును ఊరూ నిర్వాహకులూ ముందుగా గుర్తించి తగ్గించకపోవడమే కారణమని తేల్చింది.

తెలుగువారికి ఎందుకు

న్యూజెర్సీలోని ఎడిసన్, ప్లెయిన్స్‌బరో చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు అక్టోబరు వారాంతాల్లో ఆపిల్ తోట, గుమ్మడి తోట మామూలు షికారు. ప్రిన్స్‌టన్ దగ్గరి టెర్‌హ్యూన్ ఆర్చర్డ్స్ వంటి చోట్ల ట్రాక్టరు బండి ఎక్కడం పిల్లలకు బాగా ఇష్టం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ట్రాక్టరు ట్రక్కు ఎక్కేది వినోదానికి కాదు, కూలికి పోవడానికి, పెళ్లికి, తీర్థానికి. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఘాటంపూర్ దగ్గర భక్తులతో వస్తున్న ట్రాలీ చెరువులో బోల్తాపడి పాతిక మందికి పైగా బలయ్యారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం ట్రాలీలను వ్యవసాయ పనికీ సరుకు రవాణాకూ మాత్రమే వాడాలని గట్టిగా చెప్పింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనమే కాదు. పంట కోసం ఇచ్చిన సడలింపు మనుషులకూ పనికొస్తుందనుకోవడం రెండు దేశాల్లోనూ ఒకటే.

ఏది పనిచేస్తోంది

అమెరికాలో ఇప్పటిదాకా ఉన్న పద్ధతుల్లో మూడు మెరుగైనవి. ఒకటి, టెక్సాస్‌లో మాదిరి ముందస్తు అనుమతి, కాకపోతే కనిపించే దూరం, వేళ, బండి పొడవు మీద కొలతలు రాసిన ఫారంతో. రెండు, వ్యాగన్‌కూ దాన్ని లాగే వాహనానికీ సీజన్ మొదట్లో యాంత్రిక తనిఖీ. మూడు, చీకటి పడ్డాక రోడ్డు దాటకుండా నిషేధం. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు.

వీటన్నిటి కంటే చవకైన ఉపాయం చట్టంతో పని లేనిది: పార్కింగ్‌ను గుమ్మడితోట ఉన్న పక్కకే మార్చడం. కార్లు రోడ్డు దాటి వస్తాయి, బండి పొలంలోనే తిరుగుతుంది. భూమి అనుకూలించిన చోట ముందు చేయాల్సింది ఇదే. అనుకూలించని చోట అధికారి అనుమతి, డెప్యూటీ కారు లేకుండా మనుషులున్న బండిని రోడ్డెక్కించకూడదు.